వారధి పక్క లాడ్జి: వెనుక వైపు గది అడిగి తీసుకోండి

విజయవాడ నుంచి గుంటూరు వైపు వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారిపై కనకదుర్గ వారధి దాటిన తరువాత, తాడేపల్లి వైపు సర్వీసు రోడ్డును ఆనుకొని ఉన్న ఒక చిన్న లాడ్జిలో సంక్రాంతి వెళ్ళాక కుటుంబంతో బస చేశాము. రాత్రి పొద్దుపోయాక కారు దిగి, తెల్లవారుజామున అమ్మవారి దర్శనం చేసుకొని, ఆ రోజే తిరుగుప్రయాణమయ్యే మావంటి వారి కోసమే ఇటువంటివి వెలిశాయి కనుక, వీటిని నగరంలోని పెద్ద హోటళ్ళతో పోల్చడం న్యాయం కాదు. పడుకోవడానికి శుభ్రమైన చోటు, స్నానానికి నీళ్ళు, బండికి భద్రత ఉన్నాయా అన్నదే చూడాలి. ఆ లెక్కన ఈ లాడ్జికి మంచి మార్కులే వేస్తాను. అక్కడ ‘రివర్ వ్యూ’ పేరుతో ఇచ్చే గదికి మాత్రం వేయను.

మామూలు ఏసీ గది అద్దె 1,200 రూపాయలు. ‘ఏటి వైపు గదైతే మూడు వందలు ఎక్కువవుతుందండీ, పొద్దున్నే కృష్ణమ్మ కనిపిస్తుంది’ అన్నారు కౌంటరులో. కనిపించిన మాట నిజమే. కిటికీ తెరిస్తే ముందు సర్వీసు రోడ్డు, ఆ వెనుక హైవే, వాటికి ఆవల ఇసుక తిన్నెలు, వాటి మధ్య సన్నని నీటిపాయ. ఇందులో లాడ్జి వారి దోషమేమీ లేదు. వారధి ఉన్నది ప్రకాశం బ్యారేజీకి దిగువన. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ నీటిని నిలిపి తూర్పు, పడమటి కాలువల ద్వారా డెల్టా పొలాలకు మళ్ళిస్తుంది కనుక, ఎగువన నిండుగా కనిపించే నది, గేట్లు ఎత్తిన వరద రోజుల్లో తప్ప, దిగువన ఇలాగే ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వదిలినప్పుడు ఇదే ఇసుక మీద నది ఎంత భీకరంగా పారిందో ఇక్కడివారు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. నిండు కృష్ణను చూడాలంటే బ్యారేజీ మీదికి వెళ్ళడమే మేలు, అక్కడ రుసుమేమీ లేదు.

దృశ్యం కన్నా శబ్దమే అసలు సమస్య. బరువు లారీ వంతెన అతుకుల మీదుగా వచ్చిన ప్రతిసారీ ‘దడ్ దడ్’మన్న మోత, దానికి తోడు ఎయిర్ హారన్లు. పిల్లలు కళ్ళు మూయలేదు. వెనుక వైపు గదికి మార్చమంటే మేనేజరు మారుమాట లేకుండా మార్చి, ఎక్కువ తీసుకున్న మూడు వందలూ తిరిగి ఇచ్చారు. ఈ ఒక్క మర్యాదకే మళ్ళీ అక్కడికి వెళ్ళవచ్చు.

వెనుక గదిలో లారీల మోత దాదాపు వినిపించలేదు. దుప్పట్ల అంచులు వెలిసిపోయినా, ఉతికి ఆరేసిన వాసన ఉంది. కిటికీ దోమతెర ఒక మూల చిరిగితే ప్లాస్టరు అంటించారు, దోమలు మాత్రం ఆ పక్కనుంచే వచ్చాయి. కాయిల్ వెంట తీసుకెళ్ళడం మంచిది. గీజరు లేదు. సోలారు వేడినీళ్ళు తెల్లవారుజామున అయిదింటి నుంచి వస్తాయి కానీ, కుళాయి తిప్పి ఒక బకెట్టు చన్నీళ్ళు పోనిస్తే గాని వేడి తగలదు. బోరు నీళ్ళు కావడంతో సబ్బు నురగ రాదు. వాచ్‌మన్ రాత్రంతా మెలకువగానే ఉన్నాడు, ఆవరణలో అయిదారు కార్లు పడతాయి. వంటగది లేదు, ఎదురుగా ఉన్న బండి మీద వేడి ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి దొరుకుతాయి, అంతకన్నా కావలసింది లేదు.

బిల్లు అడిగి తీసుకోవాలి. 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. పాత అలవాటున 12 శాతం వేస్తే ఊరుకోనక్కరలేదు. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ చేయించే పద్ధతి కాక, దిగిన వేళ నుంచి 24 గంటల లెక్క కావడం వల్ల, దర్శనం తరువాత తిరిగి వచ్చి కాసేపు నడుము వాల్చి, ఇదే ఒడ్డున ఉన్న ఉండవల్లి గుహల్లో శయనించిన అనంత పద్మనాభస్వామిని కూడా చూసుకొని తీరిగ్గా బయలుదేరగలిగాము.

దుర్గమ్మ కొండకు వెళ్ళడానికి తెల్లవారుజామున బ్యారేజీ దారి హాయిగా ఉంటుంది. దసరా నవరాత్రులలో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, వాహనాలను దారి మళ్ళిస్తారు కనుక, ఆ రోజుల్లో వెళ్ళేవారు కారు ఎంతవరకు పోనిస్తారో ముందే కనుక్కొని గది తీసుకోవాలి.