కేటీఎం 390 డ్యూక్‌కి ఏ ఆయిల్? మూడూ వాడి చూశాక

విజయవాడలో 390 డ్యూక్ బైక్ నడిపేవాళ్లకు మెకానిక్ దగ్గర తప్పకుండా వినబడే మాట ఒకటుంది: "ఎండాకాలం కదన్నా, 20డబ్ల్యూ-50 పోయించెయ్, చిక్కగా ఉంటది." మాన్యువల్ చెప్పేది మాత్రం 15డబ్ల్యూ-50 ఫుల్ సింథటిక్. ఈ అంకెలు ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే గ్రేడ్లు. నా పాత 373 సీసీ బండిలో ఈ రెండూ, మధ్యలో 10డబ్ల్యూ-40 కూడా వాడాను. నా ఓటు మాన్యువల్‌కే.

మెకానిక్ మాటలో తిరకాసు ఏంటంటే, ఇంజిన్ వేడెక్కాక లెక్కలోకి వచ్చేది చివరి అంకె. ముందు 15 ఉన్నా 20 ఉన్నా, చివర 50 ఉంటే 100 డిగ్రీల దగ్గర కొత్త ఆయిల్ చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) లోపే ఉండాలి. ముందు అంకె చలికి సంబంధించింది. 15డబ్ల్యూని పరీక్షించేదే మైనస్ 20 డిగ్రీల దగ్గర! మన సంక్రాంతి చలి దానికి ఒక లెక్కా? కాబట్టి 20డబ్ల్యూ-50తో ఎండాకాలంలో అదనంగా ఒరిగేదేమీ లేదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు బండి కాస్త బద్ధకంగా అనిపించింది, అంతే.

10డబ్ల్యూ-40 పోసినప్పుడు హైవే మీద హాయిగానే ఉంది. మే నెలలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర, రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంటే అసలు రంగు బయటపడింది. ఇంజిన్ పైభాగంలో టకటక పెరిగింది. న్యూట్రల్ కోసం ఫస్టుకీ సెకండుకీ మధ్య కాలితో వెతుక్కోవాల్సి వచ్చేది.

గ్రేడ్ గురించి ఇంత చర్చ జరుగుతుంది గానీ, ఆయిల్ వయసు గురించి ఎవరూ మాట్లాడరు. ఈ బండిలో ఇంజిన్‌కీ, క్లచ్‌కీ, గేర్‌బాక్స్‌కీ ఒకటే ఆయిల్. వేడికి మరీ పలచబడకుండా ఆపే పాలిమర్లను గేర్ల పళ్లు నలిపేస్తాయి. డబ్బా మీద 50 అని ఉన్నా, కొన్ని వేల కిలోమీటర్లయ్యాక లోపల ఉండేది 40కి దగ్గర పడుతుంది. నాకు ఆ సంగతి ముందు చెప్పేది గేర్ లివరే. షిఫ్టింగ్ గట్టిపడితే, గడువు ఇంకా ఉన్నా మార్పించేస్తాను.

కారు ఆయిల్ చవగ్గా దొరికిందని పోయకండి, క్లచ్ జారొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ2 (ఇలా క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే తిరిగే బైకులకు సరిపోతుందని చెప్పే గుర్తు) ఉందో లేదో చూసుకోండి.

ఖర్చు మాత్రం గట్టిగానే తగులుతుంది. పట్టేది 1.7 లీటర్లు, కొనాల్సింది ఒక్కో లీటరు డబ్బాలు రెండు. మిగిలింది పారేయకుండా టాపప్‌కి ఉంచుకుంటాను.