ముంపు వరి మీద థీసిస్: చేనా, కుండీలా?

"చేలో పెట్టమంటారా అన్నయ్యా, కుండీలు సరిపోతాయా?" అని జూనియర్ అమ్మాయి అడిగింది. గైడు రెండూ బాగానే ఉంటాయన్నారట. గైడులు అలాగే అంటారు. సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) ఇచ్చేలోగా తేల్చుకోవాల్సింది మాత్రం మనమే.

ఆమె టాపిక్ ముంపు. స్వర్ణ, స్వర్ణ సబ్‌1 అనే రెండు వరి రకాలు పక్కపక్కన పెట్టి తట్టుకునే శక్తి చూడాలి. స్వర్ణ మనదే, 1982లో మారుటేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 7029. ఒడిశా నాటురకం ఎఫ్‌ఆర్ 13ఎ లోని ముంపు తట్టుకునే జన్యువు దానికి చేరిస్తే రెండోది వచ్చింది.

నేను చేలోనే పెట్టాను, నత్రజని మోతాదుల మీద, సార్వాలో (ఖరీఫ్). ఏడు ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు, ఆర్‌బీడీ, అంటే చేనుని మూడు బ్లాకులు చేసి ప్రతి బ్లాకులోనూ ఏడూ ఒక్కో మడిలో వేయడం. ఊడ్పులైన ఇరవై రోజులకి వాన పట్టుకుంది, మురుగు కాలువ ఎదురు తన్నింది. పల్లంలో ఉన్న మూడో బ్లాకు కుళ్లిపోయింది. ఒక్క మడి పోతే లెక్క కట్టి పూడ్చుకోవచ్చు. బ్లాకే పోతే ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (తేడా నిజమో కాదో తేల్చే లెక్కకి ఆధారం) 12 నుంచి 6కి పడిపోతుంది. ఆ తర్వాత ఏ మోతాదు చూసినా 'ఆన్ పార్', అంటే తేడా తేలలేదని. వైవాలో (మౌఖిక పరీక్షలో) పది నిమిషాలు ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగాను.

ముంపుకైతే చేను మరీ కష్టం. ఎంత లోతు, ఎన్ని రోజులు అన్నది మన చేతిలో ఉండదు. కుండీల్లో 14 రోజుల మొక్కని తొట్టెలో నిలువునా ముంచి, ఇంకో 14 రోజులకి తీస్తాం. ఆకుల మీద నాచు జిగురుగా వేళ్లకంటుకుంటుంది. స్వర్ణ నీళ్లలో సాగిసాగి, ఉన్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టుకుని, నీరు తీయగానే వాలిపోతుంది. సబ్‌1 పొట్టిగానే ఉండిపోతుంది, వారం తిరిగేసరికి నడిమి నుంచి కొత్తాకు తీస్తుంది. పక్కన స్కేలు పెట్టి తీసిన ఆ ఫొటో ఒక్కటి స్లైడులో ఉంటే నాలుగు పట్టికలు తీసేయొచ్చు.

కుండీలకీ లోపాలున్నాయి. వేరు సాగే చోటుండదు, కుండీ వేడెక్కుతుంది. కుండీలో వచ్చిన గ్రాముల్ని హెక్టారుకి టన్నులుగా రాస్తే ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకులు) అక్కడే పట్టుకుంటారు. అంతకంటే పెద్ద తేడా నీళ్లది. వరద గోదారి ఎర్రనీళ్లలో వెలుతురు లోపలికి దిగదు, తొట్టెలో బోరు నీళ్లు తేటగా ఉంటాయి. రెండుచోట్లా 14 రోజులే అయినా మొక్కకి అది ఒకటే ముంపు కాదు. అందుకే తొట్టె నీటి లోతు, వేడి, మసక రోజూ రాసి థీసిస్‌లో పెట్టమన్నాను.

దిగుబడి టాపిక్ అయితే చేనే, అదీ దాళ్వాలో (రబీ). నీళ్లు కాలువవి, ఎండ బాగుంటుంది. కాకపోతే స్వర్ణ 150 రోజుల పైరు, దాళ్వాకి కుదరదు. ఎంటీయూ 1121 లాంటి తక్కువ రోజుల రకం పెట్టుకోవాలి, కాలువ నీళ్లు ఆపేలోగా కోతకి రావాలి. ఎలుకల సంగతి సరేసరి.

ఆమెకి కుండీలే మేలని చెప్పాను. వీలైతే నాన్నగారి చేలో పల్లం వైపు రెండు సెంట్లు రెండు రకాలూ నాటి ఉంచమన్నాను, లెక్కకి కాదు, ఎవరైనా అడిగితే చూపడానికి. తొట్టె దగ్గర రోజూ లోతు చూసేదెవరంటే, సెలవులకి ఊరెళ్లకుండా తనే ఉంటానంది. దసరాకి కూడానా అంటే మాత్రం మాట్లాడలేదు.