పాప పొట్టి బట్టలతో బొంత: ముక్కలు కోసి కుట్టించాలా, అమ్మ పద్ధతిలో చేత్తో కుట్టుకోవాలా?

మా పాపకి నాలుగేళ్లు నిండాయి. బీరువా కింది అరలో రెండు సంచుల నిండా దాని పొట్టి బట్టలే. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు చుట్టిన పొత్తిగుడ్డ, వెనక ముడులేసే జుబ్బాలు, బారసాల గౌను, అన్నప్రాసన నాటి పట్టు లంగా, పాకి పాకి మోకాళ్ల దగ్గర పల్చబడిపోయిన ప్యాంట్లు. ఎవరికైనా ఇచ్చేద్దామని మూడుసార్లు బయటికి తీశాను, మూడుసార్లూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి మళ్లీ లోపల పెట్టేశాను. బాగున్నవి సగం మా ఆడపడుచు కొడుక్కి వెళ్లాయి, అవి అలా వాడుకోవడమే మంచిది. మిగిలినవాటితో ఒక బొంత చేయిద్దాం అనుకున్నాక అసలు టెన్షన్ మొదలైంది. ఎవర్ని అడిగినా ఒక్కో దారి చెప్తారు, ఒక్కో దారిలో వెళ్తే ఒక్కో వస్తువు తయారవుతుంది.

దారులు మూడు. బట్టలన్నీ చదరపు గళ్లుగా కత్తిరించి మిషన్ మీద కుట్టించడం ఒకటి. పాత చీరల మడతల మీద ఆ బట్టల్ని ఉన్న ఆకారంలోనే పరిచి, మన ఇళ్లలో బొంత కుట్టినట్టు చేత్తో కుట్టుకోవడం ఇంకోటి. బట్టలు పార్సిల్ చేసి పంపితే కుట్టి పంపించేవాళ్లకి ఇచ్చేయడం మూడోది. నేను మొదటిదానితో మొదలుపెట్టి, చేతులు కాలాక రెండోదానికి వచ్చినదాన్ని, కాబట్టి నా మొగ్గు ఎటుందో ఇప్పుడే చెప్పేస్తున్నా. అయినా మొదటిదాంట్లో మంచి లేదని కాదు.

గళ్ల బొంత చూడ్డానికి భలే ఉంటుంది. వరసలు వరసలుగా, ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో ముందే నేల మీద పరిచి చూసుకోవచ్చు. కానీ లెక్క వేసుకోకుండా కత్తెర పట్టుకోకండి. పిల్లలు కప్పుకునే సైజు అంటే 42 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల పొడవు అనుకుందాం. 6 అంగుళాల గడి అయితే అడ్డంగా 7, నిలువుగా 9, మొత్తం 63 గళ్లు కావాలి. చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి ఒక్కో ముక్కని ఆరున్నర అంగుళాలకి కోయాలి. ఇప్పుడు నెలల పిల్ల జుబ్బా ఒకటి తీసి టేపు పెట్టి చూడండి. మొత్తం వెడల్పే తొమ్మిది, పది అంగుళాలు ఉంటుంది. అందులోంచి ఒక్క గడి వస్తుంది, ఒక పక్క పూర్తిగా తెరుచుకునే మోడల్ కాబట్టి ఆ పక్క నుంచి ఏమీ రాదు. రెండేళ్ల పిల్ల టీషర్టు అయితే ముందు ఒకటి, వెనక ఒకటి, బొమ్మ ఎక్కడ ఉందో దాన్నిబట్టి ఇంకోటి. ఈ లెక్కన 63 గళ్లకి ముప్పై అయిదు, నలభై బట్టలు కావాలి. నా దగ్గర మిగిలినవి ఇరవయ్యారు!

దీనికి రెండు ఉపాయాలున్నాయి. గడి చిన్నది చేయడం ఒకటి: 4 అంగుళాల గళ్లయితే జుబ్బా ముందు భాగం నుంచి నాలుగు కూడా తీయొచ్చు, కానీ 40 అంగుళాలకి 52 అంగుళాల బొంతకే 130 ముక్కలవుతాయి. అన్ని అతుకులు ఎవరు వేస్తారు, కూలి ఎంతవుతుంది అన్నది మీరే ఆలోచించుకోండి. రెండో ఉపాయం చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి సాదా గుడ్డ వేయడం. అప్పుడు పాప బట్టలవి 32 గళ్లు చాలు, మిగతా 31 మీ పాత కాటన్ చీరవి వేసుకోవచ్చు. ఈ రెండోది నాకు నచ్చింది, కళ్లకి కూడా కొంచెం ఊపిరి ఆడుతుంది, లేకపోతే ఏనుగులు, చుక్కలు, కార్లు, స్ట్రాబెర్రీలు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ఇక గుడ్డ సంగతి. పసిపిల్లల బట్టల్లో చాలా వరకు బనియన్ గుడ్డే. అది సాగుతుంది. చదరంగా కోసిన ముక్క మిషన్ కింద నుంచి బయటికొచ్చేసరికి ఓ మూల లాక్కుపోయి ఉంటుంది. మా వీధి టైలర్ పదహారు గళ్లు అతికి చూపిస్తే అప్పడంలా అలలు తేలి ఉంది. "అక్కా, ఇది బనియన్ గుడ్డ, రబ్బరు లెక్క సాగుతది, నన్నేం చేయమంటవ్" అన్నాడు. తప్పు అతనిది అనలేను, జాకెట్లు కుట్టే మనిషికి అదేదో నేను ముందే చెప్పాల్సింది. కత్తిరించే ముందే ప్రతి బనియన్ గుడ్డ వెనక పల్చటి ఫ్యూజింగ్ పెట్టి ఇస్త్రీతో అతికించాలి. కాలర్లలోకి, పంజాబీ డ్రెస్సు మెడలకి వేస్తారే అదే, టైలరింగ్ సామాను దొరికే ఏ కొట్టులో అడిగినా ఇస్తారు, కాకపోతే గట్టిది వద్దు, అన్నిటికన్నా మెత్తటిది అడగండి, లేకపోతే బొంత అట్టలా బిరుసుగా తయారవుతుంది. నెట్టు గౌన్లకి మాత్రం ఈ పని వద్దు. ఫ్యూజింగ్ అతకడానికి కావలసిన వేడికి నైలాన్ నెట్టు ముడుచుకుపోతుంది, నేను ఒక గౌను అంచు అలాగే పోగొట్టుకున్నాను.

సరే, అది కూడా నేర్చుకుని మళ్లీ చేద్దామనుకుంటూ, కోసిన ఆ పదహారు ముక్కల్నీ మంచం మీద వరసగా పెట్టి చూశాను. ఏదో వెలితి. ఎంతసేపు చూసినా ఏమిటో అర్థం కాలేదు, తర్వాత తట్టింది. అన్నీ ఒకే సైజు! పుట్టినప్పటి జుబ్బా, రెండేళ్లప్పటి టీషర్టు, రెండూ ఆరున్నర అంగుళాల గుడ్డలే. రంగులు మిగిలాయి, బొమ్మలు మిగిలాయి, పిల్ల ఎంత ఉండేదో అది పోయింది. నేను దాచుకోవాలనుకున్నదే అది కదా. ఆ చేతులు ఇంత ఉండేవి, ఆ మెడ ఇంత ఉండేది అన్నదానికి ఫొటోలు సాక్ష్యం చెప్పలేవు, ఫొటోలో అన్నీ ఫోన్ అంతే ఉంటాయి. చొక్కా చెప్తుంది.

అక్కడే ఆపేసి మిగతా బట్టలు తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను.

అమ్మ బొంత కుట్టే తీరు తెలిసిందే. మెత్తబడిన రెండు కాటన్ చీరలు నాలుగు పొరలుగా మడిచి, నేల మీద ముడతల్లేకుండా పరిచి, మూలల్లో బరువులు పెట్టి, ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసేస్తుంది. లోపల దూది ఏమీ ఉండదు. దాని మీద పాప బట్టలు పరిచాం. జుబ్బా చేతులు చాపుకుని జుబ్బాలాగే, టోపీ టోపీలాగే, ప్యాంటు రెండు కాళ్లతో. ముందు, వెనక విడదీసి ఒక పొర మాత్రమే వాడాం, లేకపోతే అక్కడ మందం అయిపోయి సూది దిగదు. అంచు కొద్దిగా లోపలికి మడిచి చుట్టూ కుట్టు. ఖాళీల్లో మోకాళ్లు చిరిగిన ప్యాంట్ల ముక్కలు, ముందు నేను పాడుచేసిన ఆ పదహారు గళ్లు కూడా ఎక్కడ పడితే అక్కడ పట్టేశాయి. ఎలాస్టిక్కులు, ప్రెస్ బటన్లు, హుక్కులు ముందే కత్తిరించేయాలి, మిషన్లో ఉతికినప్పుడు పక్క గుడ్డని చీరేస్తాయి. ఇక్కడ బనియన్ గుడ్డ అసలు పేచీ పెట్టలేదు. కింద చీర పట్టుకుని ఉంటుంది, చెయ్యి ఎక్కడికక్కడ సర్దుకుంటూ పోతుంది.

కుట్టే వరస గురించి ఒక మాట. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా వైపు సిద్ది తెగ ఆడవాళ్లు కవంది అని పాత బట్టల బొంతలు కుడతారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ, ముక్కలు చేర్చుకుంటూ, మధ్యకి వచ్చి ముగిస్తారు. ముక్కలన్నీ ఒకే సైజు ఉండాలన్న నియమం లేదు. చివర్లో నాలుగు మూలలకీ గుడ్డని మడిచి చిన్న పూలలాంటివి కుడతారు, అవి లేకపోతే బొంత ఒంటి మీద బట్ట లేనట్టే అని వాళ్ల మాట. పొట్టి బట్టలకి ఇంతకన్నా సరిపోయే పద్ధతి నాకు కనిపించలేదు. అమ్మకి చెప్తే "మేం మాత్రం మధ్యలోంచి కుట్టామా ఏంటి" అంది. బిహార్‌లో కుట్టే సుజనీ బొంత కూడా మొదట్లో పురిటి పిల్లల్ని చుట్టడానికి పాత చీరలతో కుట్టుకున్నదే. మన దగ్గరా పుట్టిన పిల్లకి ముందు వాడేది మెత్తటి పాత గుడ్డే కదా, అమ్మమ్మ చీర చించి ఇస్తే అదే మొదటి పక్క.

చేతి బొంతకి ఇబ్బందులు లేవని కాదు. ఒకటి, టైమ్. అమ్మా నేనూ పంచుకుని కుట్టినా రెండు నెలలు పైనే పట్టింది, అదీ వారాంతాల్లో నేను వెళ్తేనే, అమ్మకి సూదిలో దారం ఎక్కించి పదేసి సూదులు సిద్ధం చేసి పెట్టి వచ్చేదాన్ని. రెండు, బరువు. నాలుగు పొరల చీర తడిస్తే ఎత్తలేం, వానాకాలంలో ఉతికితే రెండు రోజులకి కూడా ఆరక ముక్కిన వాసన వస్తుంది. మిషన్ మీద కుట్టి లోపల పాలిస్టర్ పొర వేసినది పూలరెక్కలా తేలిగ్గా ఉంటుంది, సాయంత్రానికి ఆరిపోతుంది, కాకపోతే మే నెలలో అది కప్పుకుంటే చెమటలే. దూది పెట్టించాలనుకుంటే కుట్లు దగ్గర దగ్గరగా వేయమని చెప్పండి, దూరంగా వేస్తే రెండు ఉతుకులకి దూది అంతా ఓ మూలకి చేరుతుంది. మూడు, చీర. మరీ చివికిపోయిన చీర అడుగున వేస్తే పైన పాప బట్టలు గట్టిగా ఉండగానే కింద చిరుగులు పడతాయి. వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, దారాలు విడిపోతున్న చోటు పక్కన పెట్టేయండి.

మా అత్తమ్మ సంగతి కూడా చెప్పాలి. పిల్ల కట్టి విడిచిన బట్టలకి కత్తెర పెట్టకూడదని గళ్ల బొంత మొదలైనప్పటి నుంచీ ముఖం ముడుచుకునే ఉంది. చేతి బొంతలో బట్టలు పెద్దగా కోయడం లేదని తెలిశాక, అడగకుండానే తన వెంకటగిరి చీర ఒకటి తెచ్చి అడుగున వేయమంది. వాదన ఎవరు గెలిచారో నాకు తెలీదు కానీ చీర మాత్రం మంచిది.

పార్సిల్ పంపే దారి గురించి ఎక్కువ చెప్పను, నేను చేయలేదు. డల్లాస్‌లో ఉన్న మా అక్క చేయించుకుంది. అక్కడ టీషర్టులు ఇచ్చి బొంత కుట్టించుకోవడం మామూలే, పెద్ద ఫ్రేమ్ మిషన్ ఉన్నవాళ్లు బొంతంతా ఒకే డిజైన్ కుట్టుతో నింపేస్తారు. ఎంత నీట్‌గా ఉందంటే సోఫా మీద వేసి ఎవర్నీ కూర్చోనివ్వట్లేదు. డబ్బులు పెట్టగలిగి, ఇంట్లో కుట్టే చేతులు లేకపోతే అది సరైన దారే. పంపే ముందు మాత్రం నాలుగు అడగండి: కుట్టడానికి ముందు ముక్కలు పరిచి ఫొటో చూపిస్తారా, మిగిలిన పీలికలు తిరిగి పంపుతారా, బనియన్ గుడ్డ వెనక ఏం వేస్తారు, జేబులు, కాలర్లు అలాగే ఉంచుతారా. మొదటి రోజు పొత్తిగుడ్డని మాత్రం కొరియర్‌లో వేయకండి. పోతే ఇంకోటి లేదు.

పదిలోపు బట్టలే మిగిలితే ఇవన్నీ అనవసరం. ఒక దిండు గలీబు మీద రెండు జుబ్బాలు కుట్టుకోండి, చాలు.

ఏ దారి పట్టినా ముందు పాలమరకలు వదిలించాలి. ఇప్పుడు కనిపించని మరకే బీరువాలో ఏడాది ఉంటే పసుపు పచ్చగా తేలుతుంది, ఉతికి ఎండలో వేయండి. ఎర్ర బట్టలు, ముదురు నీలాలు ఉంటే తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి. దాచేటప్పుడు గంజి పెట్టకండి, పురుగులకి విందు అవుతుంది. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పడుతుంది, పాత దిండు గలీబులో చుట్టి ఎండు వేపాకు వేస్తే సరిపోతుంది. ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టబోతుంటే ఒక జాగ్రత్త. ఏడాదిలోపు పిల్లలు పడుకునే చోట దుప్పట్లు, బొంతలు, దిండ్లు ఉంచొద్దని అమెరికన్ పిల్లల డాక్టర్ల అకాడమీ గట్టిగా చెప్తోంది, ముక్కు మూసుకుపోయే ప్రమాదం. మెలకువగా ఉన్నప్పుడు మీరు పక్కనే ఉండి నేల మీద పరిచి ఆడించండి. గుండీలు ఉంచాలని మనసున్నా తీసేయండి, పీకి నోట్లో పెట్టుకుంటారు.

మా బొంత ఇప్పుడు రోజూ వాడకంలోనే ఉంది. పాప దాని మీద బోర్లా పడుకుని నీలం జుబ్బా మీద వేలు పెట్టి "ఇది ఏ బొమ్మదమ్మా" అని అడిగింది, నీదే అంటే నమ్మలేదు. జుబ్బా చేతిలోకి తన చెయ్యి పెట్టి చూడబోయింది, అది మూడు పక్కలా కుట్టేసి ఉందాయె. అమ్మతో చెప్తే, ఈసారి వచ్చినప్పుడు ఆ చెయ్యి ఒక్కటీ కుట్టు విప్పి జేబులా వదిలేస్తానంది.

పట్టు లంగా మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. జరీ గుచ్చుకుంటుంది, కాటన్‌తో కలిపి ఉతికితే పాడైపోతుంది, బొంతలో దానికి చోటు లేదు. అద్దం కట్టించి గోడకి పెడదామని మా ఆయన, మనవరాలికి పనికొస్తుందని అత్తమ్మ. ఎవరి మనవరాలికో అడిగితే నా వైపు చూసింది.