ఆరు క్లిప్పుల చాసిస్ ఇయర్: పాత ఆడీ టీటీ ముందు చక్రాల చప్పుడును ఎంతవరకు పట్టిస్తుంది?

పాత స్పోర్ట్స్ కారు ముందు నుంచి టక్‌మని చప్పుడొస్తే ఏ షెడ్డుకు పోయినా మొదట వినిపించే మాట ఒకటే: "షాకప్పులు పోయినయన్నా, రెండూ మార్చాలె." రెండూ మార్చినంక చప్పుడు మళ్లీ అట్లనే వస్తుంది. ఇలా అంచనా మీద సామాన్లు మార్చే ఖర్చు తప్పించుకోవడానికే చప్పుడు ఏ సామానులో పుడుతుందో విని పట్టే చాసిస్ ఇయర్ అనే కిట్టు ఉంది. ఆన్‌లైన్లో దొరికే వైర్ల రకాన్ని తీసుకుని, రెండో తరం ఆడీ టీటీకి (2006–2014) బిగించి చూసి రాస్తున్న సమీక్ష ఇది. టీటీ లేనివాళ్లకూ పనికొస్తుంది. స్కోడా లారా, ఐదో తరం గోల్ఫ్ ఆధారంగా వచ్చిన జెట్టా దీనికి అన్నదమ్ముల్లాంటివి. ముందు భాగం కట్టుబడి మూడింటికీ దాదాపు ఒకటే.

డబ్బాలో వచ్చేవి ఇవి: మొసలి నోరులాంటి ఆరు క్లిప్పులు, ఒక్కోదానిలో చిన్న మైకు, సుమారు 5 మీటర్ల వైర్లు, 1 నుంచి 6 దాకా తిప్పే నాబ్ ఉన్న చేతిపెట్టె, హెడ్‌ఫోన్. చప్పుడొస్తుందని అనుమానమున్న చోట్ల క్లిప్పులు కరిపించి, బండి నడుస్తుండగా నాబ్ తిప్పుతూ వినాలి. హెడ్‌ఫోన్ పెట్టుకునేది పక్క సీట్లో మనిషే. డ్రైవర్ చెవులు రోడ్డుకే ఉండాలి.

కొనేముందు ఒక సంగతి చూసుకోండి. అయస్కాంతంతో అతికే మైకుల రకం టీటీకి పనికిరాదు. దీని లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి పట్టే చేయి), సబ్‌ఫ్రేమ్ (ఆ చేతులు బిగిసే అడుగు చట్రం) అల్యూమినియంవి, అయస్కాంతం అంటదు. కరుచుకునే క్లిప్పే కావాలి. క్లిప్పు పళ్ల కింద మట్టి పేరుకుని ఉంటే చప్పుడు మొద్దుగా వినిపిస్తుంది కాబట్టి, వైరు బ్రష్‌తో ఆ చోటు గీకి మెరిశాకే కరిపించాలి. వైర్లను డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) రబ్బరు బూటుకు, డిస్కుకు దూరంగా లాగి ప్లాస్టిక్ టైలతో కట్టాలి. కదిలే ముందు స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు పూర్తిగా తిప్పి వైరు ఎక్కడైనా బిగుసుకుంటుందేమో చూడాలి. ఈ కిట్టులో తొందరగా చచ్చేది వైరే. క్లిప్పు మొదట్లో, అతుకు దగ్గర తెగుతుంది.

క్లిప్పులు పెట్టకముందే రోడ్డు మీద రెండు పరీక్షలు చేస్తే సగం జవాబు ఉచితంగా దొరుకుతుంది. గంటకు 15–20 కిలోమీటర్ల వేగంతో ఒక చక్రాన్ని మాత్రమే గుంతలో దింపండి. అప్పుడు వచ్చే లొడలొడ, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు రాకపోతే అనుమానం లింక్ రాడ్ మీద. రెండు పక్కలనూ కలిపే బ్యాలెన్సింగ్ రాడ్‌ను చక్రం వైపుకు అతికించే చిన్న కడ్డీ ఇది. ఒక చక్రమే లేస్తే బ్యాలెన్సింగ్ రాడ్ మెలిపడి లింకును లాగుతుంది. రెండూ కలిసి లేస్తే రాడ్ తన రబ్బరు బుష్షుల్లో తిరుగుతుందే తప్ప మెలిపడదు, లింకు మీద బరువు పడదు. రెండో పరీక్ష: గతుకుల రోడ్డు మీద బ్రేకు పెడల్‌ను ఎడమ కాలితో తేలిగ్గా, వేగం తగ్గనంతగా తాకించండి. కటకట ఆగిపోతే అది సస్పెన్షన్ కాదు, కాలిపర్‌లో (డిస్కును రెండు వైపులా నొక్కే పట్టు) బ్రేకు ప్యాడ్లు ఆడుతున్నాయి. కాలు ఎత్తగానే మళ్లీ మొదలైతే ఇక తిరుగులేదు. ఆటోమేటిక్ బండి నడిపేవాళ్ల ఎడమ కాలికి ఈ పని అలవాటుండదు, కాబట్టి ఖాళీ రోడ్డు చూసుకోండి.

కిట్టు నిజంగా డబ్బుకు న్యాయం చేసేది ఇంకో రకం చప్పుడు దగ్గర. రివర్స్ తీసి బ్రేకు వేసి, ముందుకు కదిలి మళ్లీ బ్రేకు వేస్తే ఒక్కసారి 'టక్' వస్తుంది. దీనికి మూడు కారణాలు ఉండొచ్చు: ప్యాడ్ తన పట్టులో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరగడం, లోయర్ ఆర్మ్ వెనక బుష్షు చిరిగి ఆర్మ్ ముందుకూ వెనక్కూ ఆడటం, సబ్‌ఫ్రేమ్ బోల్టులు పట్టు వదిలి ఫ్రేమ్ మొత్తం కాస్త జరగడం. లోపల కూర్చున్నవాళ్లకు మూడూ ఒకే చప్పుడు. 1వ క్లిప్పు కాలిపర్‌ను మోసే క్యారియర్‌కు, 2 ఆర్మ్ మీద వెనక బుష్షు దగ్గర, 3 సబ్‌ఫ్రేమ్‌కు, మిగిలిన మూడు అవతలి చక్రం వైపు అవే చోట్ల పెట్టండి. వాల్యూమ్ ఒకసారి పెట్టాక ముట్టుకోవద్దు. ముట్టుకుంటే పోలిక పోతుంది. చప్పుడు లోహంలో పాకుతుంది కాబట్టి అన్ని క్లిప్పుల్లోనూ వినిపిస్తుంది. గట్టిదనం కన్నా పదును వినాలి: మూలం దగ్గర ఠక్కుమని తెగినట్టు వస్తుంది, దూరంలో తలుపు అవతల తట్టినట్టు బొద్దుగా వస్తుంది.

సబ్‌ఫ్రేమే అని తేలితే పాత బోల్టులు బిగించి వదిలేయొద్దు. అవి బిగింపులో సాగే రకం. కొత్తవి వేసి టార్క్ రించితో (బిగింపు బలం కొలిచే రించి), తర్వాత కోణం లెక్కతో బిగించాలి. బుష్షు మార్చితే చివరి బిగింపు చక్రాలు నేల మీద, బండి బరువు పడి ఉన్నప్పుడే చేయాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడుతుంది. కొత్త బుష్షు కొద్ది నెలలకే కిర్రుమనడానికి, చిరగడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. బిల్లు కట్టినవాళ్లు సామాను నాసిరకమని తిట్టుకుంటారు.

కిట్టు చేతకానితనం కూడా చెప్పాలి. నిలబడి స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు 'టంగు'మంటే దీని అవసరమే లేదు. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు మీద వేళ్లు ఆనించండి. పట్టి పట్టి ఎగిరితే స్ప్రింగు పైనుండే అప్పర్ మౌంట్ బేరింగ్ పోయినట్టు. వేళ్లు చుట్ల మధ్య దూరకూడదు. లింక్ రాడ్ విషయంలో జాకీ మోసం చేస్తుంది. ఒక పక్కే లేపితే బ్యాలెన్సింగ్ రాడ్ మెలిపడి లింకు బిగుసుకుంటుంది, ఆట కనిపించదు. రెండు చక్రాలూ నేల మీద ఉండగానో, రెండూ సమంగా స్టాండ్ల మీద ఉండగానో లింకును చేత్తో ఆడించాలి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆట ఉందనుకోండి, ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే చక్రం తిరిగే హబ్ బేరింగు, పోకపోతే లోయర్ ఆర్మ్ చివరి బాల్ జాయింటు వైపు చూడాలి. పక్కలకు పట్టి ఊపితే ఆడేది స్టీరింగ్ కీళ్లు: టై రాడ్ ఎండో, రాక్ ఎండో. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరొద్దు.

బ్రేకు కీచుకూ కిట్టు దండగే. వరంగల్ అండర్‌బ్రిడ్జిలో అద్దాలు దించి నెమ్మదిగా బ్రేకు వేస్తే గోడలే చెప్తాయి ఎడమో కుడో అని. కారణం మాత్రం చక్రం విప్పితేనే దొరుకుతుంది. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీల వెనక వెళ్లొచ్చాక గీరుకుపోయే చప్పుడు మొదలైతే, ముందు డిస్కుకూ వెనక రేకుకూ మధ్య కంకర పలుకు ఇరుక్కుందేమో చూడండి. రేకును వేలితో కాస్త వంచితే రాలుతుంది. వానలో రాత్రంతా నిలిపిన బండి పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటే అది తుప్పు, దానంతట అదే పోతుంది.

మామూలు టీటీలో ముందు ఉండేది ఒకే పిస్టన్‌తో, పిన్నుల మీద జారే (ఫ్లోటింగ్) కాలిపర్. గైడ్ పిన్నులకు 7 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది, బిగింపు 30 న్యూటన్ మీటర్లు. బయటి వైపు కనిపించే తీగ స్ప్రింగును ప్యాడ్లు మార్చినప్పుడు పారేసి బిగించిన బండ్లు చాలా తిరుగుతున్నాయి. పైన చెప్పిన కటకటకు తల్లివేరు ఆ స్ప్రింగు లేకపోవడమే. పిన్నులు శుభ్రంగా తుడిచి, వేలితో నెట్టితే జారేలా ఉండాలి. మామూలు బేరింగు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది, ఒక ప్యాడ్ రెండోదానికన్నా ముందే అరుగుతుంది. ప్యాడ్ మందం దాని వెనక ఇనుప రేకు కాకుండా 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చేయండి. డిస్కు కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది. మైక్రోమీటరుతో కొలవకుండా లేత్ మీద తిప్పించొద్దు. చక్రం బోల్టులు 120 న్యూటన్ మీటర్లు. గాలి గన్‌తో బిగించి పంపేవాళ్లను ఆపి రించితో చూపించమనండి.

ఒక్క కారున్నవాళ్లు ఈ కిట్టు కొనక్కర్లేదు. నెలకు పది బండ్లు చప్పుడుతో వచ్చే షెడ్డు మాత్రం వెంటనే కొనాలి, రెండో సెట్టు క్లిప్పులతో సహా. అరువు దొరికితే మీరే తెచ్చి బిగించుకోండి. తిరిగిచ్చేముందు క్లిప్పుల నోట్లో మట్టి కడగండి, వైర్లు వదులుగా చుట్టండి.