పార్సర్ టెస్టులు: అసర్టా, రిఫరెన్స్ ఫైలా? ఏది మేలు?

హన్మకొండలో మా దగ్గర కొత్తగా చేరినవాళ్లంతా మొదటి వారంలోనే ఇది అడుగుతారు: పార్సర్ (రాతలోంచి విలువలు విడదీసే ప్రోగ్రామ్) టెస్టుకు ప్రతి విలువకూ అసర్ట్ (ఈ విలువే రావాలని చెక్ చేసే లైన్) రాయాలా, లేక సరైన అవుట్‌పుట్‌ను ఒక ఫైల్‌లో (అదే రిఫరెన్స్ ఫైల్) పెట్టుకుని డిఫ్ (రెండు ఫైళ్ల తేడా చూపే కమాండ్) కొట్టాలా?

నేను డిఫ్ వైపే. మాది వరంగల్ ఎనుమాముల మార్కెట్ ధరల పట్టీలు చదివే పార్సర్. పత్తి, పసుపు, మక్కలు, మిర్చి. మిర్చిలో మళ్లీ తేజ, వండర్ హాట్, తాలు. అన్నిటికీ అసర్టులు రాస్తూ పోతే పట్టీ కన్నా టెస్టే పొడుగవుతుంది. రిఫరెన్స్ ఫైల్ పద్ధతిలో కొత్త రకం పట్టీ వస్తే రెండు ఫైళ్లు (ఆ పట్టీ, దానికి రావాల్సిన అవుట్‌పుట్) చేరతాయి, కోడ్ ముట్టుకోనక్కర్లేదు. తేడా లేకపోతే డిఫ్ 0 ఇస్తుంది, ఉంటే 1, ఫైలే దొరక్కపోతే 2. స్క్రిప్టుకు అది చాలు.

అయితే ఆ రిఫరెన్స్ ఫైల్ మనిషి చదివేలా ఉండాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మొదటి రిఫరెన్స్‌ను రాసేది మన ప్రోగ్రామే కాబట్టి, దాని తప్పు కూడా అందులో ఒప్పుగా చేరిపోతుంది. పట్టీలో 13,500 ఉంటే నా పార్సర్ కామా దగ్గరే ఆగి 13 తీసుకుంది. అవుట్‌పుట్ జేసన్ (డేటా రాసే ఒక ఫార్మాట్) అంతా ఒకే లైన్‌లో ఉండడంతో చదవకుండానే సేవ్ చేశాను. మూడు వారాలు అన్ని టెస్టులూ పాసయ్యాయి. చివరికి పరకాల దగ్గర మిర్చి వేసే మా బాపు ఫోన్‌లో చూసి, "క్వింటాల్ మిర్చి 13 రూపాయలేంది బిడ్డా?" అన్నాడు. ఇప్పుడు సరుకుకు ఒక లైన్: మిర్చి | తేజ | 13500. ఫైల్ మార్చే ముందు పట్టీ పక్కన పెట్టుకుని లైన్ లైన్ చదువుతాం.

తెలుగుతో ఇంకో చిక్కుంది. డిఫ్ రెండు లైన్లు చూపిస్తుంది, రెండింటిలోనూ "వరంగల్" అనే కనిపిస్తుంది. ఒకదాంట్లో పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరంతో కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది. మాట చివర ఉంటే పార్సర్‌లోనే తీసేయండి. మధ్యలోది మాత్రం ముట్టుకోవద్దు, తీస్తే ఒత్తు పడి మాట మారిపోతుంది.

కామాలు తీసే చిన్న ఫంక్షన్ లాంటివాటికి అసర్టే మేలు. రావాల్సిన విలువను మనమే చేత్తో రాస్తాం కదా. స్నాప్‌షాట్ లైబ్రరీలు (అవుట్‌పుట్‌ను సేవ్ చేసుకుని తర్వాతిదాంతో పోల్చేవి) చేసేదీ డిఫ్ పనే, జావాస్క్రిప్ట్ టెస్టు టూల్ జెస్ట్ వాడేవాళ్లకు అది అందులోనే దొరుకుతుంది.