బొమ్మా, చిట్టా, గుడ్డా: పాత రెజిమెంటు కోటుకు ఏది సాక్ష్యం?

1706లో ఫ్రెంచి సైన్యం ఇటలీలోని టురిన్ నగరాన్ని 117 రోజులు ముట్టడించింది. అప్పట్లో ఆ నగరం సవాయ్ అనే చిన్న రాజ్యాన్ని ఏలే డ్యూకుది. ఆయన సైన్యంలో 1659లో పెట్టిన గార్డ్స్ రెజిమెంటుకు మంచి పేరుండేది. నీలి కోటు, ఎర్ర చేతిమడతలు. మిగిలిన రెజిమెంట్లలో చాలావాటికి బూడిదఛాయ తెలుపు కోట్లే. ఆ గార్డ్స్ సైనికుడి కోటు, జెండా ఇప్పుడు మళ్లీ కుట్టాలంటే దేన్ని నమ్మాలి?

అందరూ ముందు పరిగెత్తేది పెయింటింగుల దగ్గరికి. టురిన్‌లోని సబౌదా గ్యాలరీలో హుఖ్తెన్‌బుర్ఖ్ అనే డచ్చి చిత్రకారుడు వేసిన యుద్ధ చిత్రాలున్నాయి. చూడ్డానికి కన్నులపండుగే. కానీ ఆయన వాటిని వేసింది ఫ్రెంచివాళ్లను ఓడించి టురిన్‌ను విడిపించిన సేనాని యూజీన్ యువరాజు కోసం, యుద్ధం ముగిశాక. గుర్రం కాలు ఎత్తిన తీరు మీద ఉన్న శ్రద్ధ గుండీల లెక్క మీద ఉంటుందని ఆశించలేం. పైగా రంగులే మోసం చేస్తాయి. పాత బొమ్మల మీది వార్నిష్ పచ్చబడితే తెలుపు మీగడరంగులోకి, నీలం ఆకుపచ్చలోకి జారుతుంది. స్మాల్ట్ అనే చవక నీలం అయితే ఏళ్లు గడిచేకొద్దీ బూడిదరంగుకు దిగిపోతుంది. నీలి కోటు వేసుకున్నవాడు బొమ్మలో బూడిద కోటుతో కనిపించవచ్చన్నమాట! టోపీ ఎలా వాలింది, కోటు అంచులు ఎలా మడిచారు అన్నవాటికి మాత్రం బొమ్మను మించింది లేదు.

కోటు విషయంలో నా ఓటు చిట్టాకే. బట్ట కొన్న ఒప్పందాలు, లెక్కలు చదవడానికి విసుగే, కానీ డబ్బు చెల్లించేవాడు అలంకారాలు రాయడు. ఏ రంగు ఉన్ని, లైనింగుకు ఏ గుడ్డ, ఎన్ని డజన్ల గుండీలు అన్నది విడివిడిగా రాస్తాడు. లైనింగు రంగు తెలిస్తే చాలాసార్లు చేతిమడత రంగు తెలిసినట్టే, ఎందుకంటే మడత తిప్పితే బయటికి కనిపించేది అదే. ఒక్క జాగ్రత్త: అక్కడ బట్టను కొలిచింది ‘రాసో’ల్లో. మన మూరలాంటి పాత కొలత, దాదాపు 60 సెంటీమీటర్లు. దాన్ని మీటరు అనుకుంటే కోటు రాక్షసుడికి సరిపోతుంది. ఇంకో చిక్కు, ‘నీలం’ అని రాస్తారు తప్ప ఏ నీలమో చెప్పరు.

ఛాయ కావాలంటే మిగిలిన అసలు గుడ్డ చూడాలి. అదీ అమాయకురాలు కాదు. ఆకుపచ్చను నీలం మీద పసుపు రంగు అద్ది తెచ్చేవారు. వెలుతురు తగిలితే మొదట ఎగిరిపోయేది పసుపే. అందుకే ఇవాళ నీలంగా కనిపించే పట్టు ముక్క ఒకప్పుడు ఆకుపచ్చ అయి ఉండవచ్చు. ఎండ తగలని కుట్టు లోపలి మడత చూస్తే అసలు రంగు దొరుకుతుంది.

జెండా దగ్గరికొచ్చేసరికి నా లెక్క తారుమారవుతుంది. పట్టు ఎన్ని రాసోలో చిట్టా చెబుతుంది, సవాయ్ తెల్ల సిలువ ఎర్ర నేల మీద ఎంత వెడల్పో చెప్పదు. అసలు జెండాలు చూద్దామంటే మిగిలింది తక్కువ. శత్రువుల దగ్గర పట్టుకున్న జెండాలను ఫ్రెంచివాళ్లు పారిస్‌లో దాచేవారు. 1814లో నగరం చేజారబోతుంటే ఇన్వాలీద్ అనే పాత సైనికుల ఆశ్రమంలోని సుమారు 1,400 జెండాలను అక్కడి గవర్నరే తగలబెట్టించాడు. కాబట్టి పట్టుకున్న జెండాను శత్రువు దగ్గరుండి గీయించిన బొమ్మ దొరికితే అదే మేలు. విజయానికి రుజువుగా గీయించింది కాబట్టి మూలల్లోని గుర్తుల దాకా వివరంగా చూపిస్తుంది.

ఇక రంగు అద్దడం. నీలం దగ్గర పంతం అక్కర్లేదు, ఫ్యాక్టరీ నీలిమందులోనూ చెట్టు నీలిమందులోనూ రంగునిచ్చే పదార్థం ఒకటే. ఎరుపు మాత్రం మన మంజిష్ఠకు చుట్టమైన ఐరోపా మాడర్ వేరుతోనే అద్దాలి. ఈకాలపు మెరిసే ఎరుపు ఆ నీలం పక్కన పెడితే సైనికుడు పోయి పగటివేషగాడు నిలబడతాడు.