నలభై మైళ్ల దూరంలో కొన్న క్వార్టర్ హార్స్: తొమ్మిదేళ్ల అనుభవం

మేము టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న డెంటన్ కౌంటీలో ఉంటాం. 2016లో ఇంటికి నలభై మైళ్ల దూరంలో క్వార్టర్ హార్స్ అనే జాతి గుర్రాన్ని 6,500 డాలర్లకు కొన్నాను. విత్తు కొట్టించిన మగగుర్రం, ఎర్రటి ఒళ్లు, అప్పటికి తొమ్మిదేళ్లది. ఆ తరువాత ఒక ఆడగుర్రాన్ని కూడా కొని, కొన్నేళ్లు పెంచి అమ్మాను.

నిజానికి మొదట చూసిన గుర్రం వేరు. మేము వెళ్లేసరికే దానికి జీను కట్టి సిద్ధంగా ఉంచారు. మా అమ్మాయి ఎక్కితే పిల్లిలా నడిచింది. బయానా ఇవ్వబోతుంటే, మాతో వచ్చిన శిక్షకురాలు నా చేయి పట్టుకుని జీను కింది దుప్పటిలోకి పెట్టించింది. లోపలంతా తడి. దుప్పటి అంచు దగ్గర వెంట్రుకలపై చెమట ఎండి తెల్లగా ఉప్పు పేరుకుంది. మేము రాకముందే ఎవరో దాన్ని అలసిపోయేదాకా దౌడు తీయించారు. రెండు రోజుల తరువాత చెప్పిన వేళకు గంట ముందే వెళ్లాం. పలుపు చూడగానే అది చెవులు వెనక్కి వాల్చి, మాకు వీపు తిప్పేసింది. నలభై నిమిషాలైనా ఎవరికీ చిక్కలేదు. వేరే రాష్ట్రం నుంచి వీడియో చూసి బేరమాడి ఉంటే దాన్నే కొనేవాళ్లం. దగ్గర్లో కొనమని నేను అందరికీ చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

మా గుర్రాన్ని అమ్మిన పెద్దాయన పలుపు నా చేతికిచ్చి, పొలంలోకి వెళ్లి పట్టుకు రమ్మన్నాడు. మూడుసార్లు వెళ్లాను, ఒకసారి వానలో. ప్రతిసారీ నేనే పట్టుకుని, నాలుగు కాళ్లూ ఎత్తి చూసి, ట్రెయిలర్‌లోకి ఎక్కించాను.

పశువైద్యుణ్ణి మాత్రం మీరే పెట్టుకోండి, అమ్మేవారి వైద్యుడు వద్దు. కాలు మడిచి కాసేపు పట్టుకుని, వదలగానే పరుగెత్తిస్తారు. దాగిన కుంటితనం అప్పుడు బయటపడుతుంది. ఈ జాతిలో బరువైన ఒంటికి చిన్న గిట్టలుండటం మామూలు. అందుకే మడమ వైపు ఉండే చిన్న ఎముకకు జబ్బు వస్తుంటుంది. ముందు గిట్టలకు ఎక్స్‌రే తప్పనిసరి. నొప్పి మందు ఇచ్చి కుంటితనాన్ని కప్పిపుచ్చారేమో తెలియడానికి రక్తం కూడా తీయించండి. వంశంలో ఇంప్రెసివ్ అనే మగగుర్రం పేరు కనిపిస్తే, కండరాలు వణికి గుర్రం కూలబడే వ్యాధికి జన్యు పరీక్ష ఫలితం అడగండి.

కాగితాల దగ్గర నేను దెబ్బతిన్నాను. 1940లో ఏర్పడిన అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ ఈ జాతి గుర్రాల నమోదు చూస్తుంది. ఆడగుర్రం పత్రంపై నాకు అమ్మినవారి పేరు లేదు, వాళ్లకు అమ్మినవారి పేరుంది. ‘పంపిస్తాం’ అన్న మాట నమ్మి డబ్బు కట్టాను. ఒక్క సంతకం కోసం పది నెలలు తిరిగాను. పత్రంపై ఉన్న పేరూ డబ్బు తీసుకునే మనిషీ ఒకరైతేనే ఇవ్వండి.

ఇక గుర్రం సంగతి. పావుమైలు, అంటే సుమారు 402 మీటర్ల పరుగులో మేటి కాబట్టే ఈ జాతికి ఆ పేరు. కానీ నాకు నచ్చింది దాని నిదానం. మూడు వారాలు ఎవరూ ఎక్కకపోయినా, నిన్ననే ఎక్కినట్టు నిలబడుతుంది. కాస్త మేతకే ఒళ్లు చేస్తుంది, అదొక్కటే ఇబ్బంది. అయినా ఖర్చు విషయంలో ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్న సామెత నిజమే. ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కించడం, ఎండుగడ్డి, మందులు కలిసి కొన్న ధరను ఎప్పుడో దాటేశాయి. ఇక్కడ వేసే కోస్టల్ బెర్ముడా గడ్డి మనం వినాయకుడికి పెట్టే గరిక జాతిదే. 2021 ఫిబ్రవరి మంచుకు తొట్లు గడ్డకట్టి మా గుర్రం నీళ్లు తగ్గించింది. ఆ గడ్డే కడుపులో బిగుసుకుంది. మంచుకు రోడ్లు మూసుకుపోయాయి. వైద్యుడు ఫోనులో చెబుతుంటే డొక్కకు చెవి ఆనించి విన్నాను. గంటల తరబడి పేగుల చప్పుడే లేదు. వేడినీళ్లు కలిపి బకెట్లు మోశాం. తెల్లవారుజామున లోపల సన్నగా గుడగుడమన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

నిరుడు ఆడగుర్రాన్ని అమ్మే రోజు దాన్ని పొలంలోనే వదిలేశాను. పన్నెండు మైళ్ల అవతల నుంచి వచ్చిన అమ్మాయికి పలుపు ఇచ్చి, పట్టుకు రమ్మన్నాను. మూడోసారి వచ్చినప్పుడు ఆడగుర్రమే ఆ పిల్ల దగ్గరకు నడిచింది. టెక్సస్‌లో గుర్రం చేతులు మారాలంటే ఏడాదిలోపు చేయించిన కాగిన్స్ రక్తపరీక్షలో, గుర్రాలకు రక్తహీనత తెచ్చే అంటురోగం లేదని తేలాలి. ఆ కాగితమూ, సంతకం చేసిన బదిలీ పత్రమూ అక్కడే ఇచ్చాను. మళ్లీ అమ్మదలిస్తే ముందు నాకే చెప్పాలని రసీదు మీద రాయించుకున్నాను.